గ్రాంటు వెంట వచ్చే ఖర్చు

నగరానికి ఇన్ని కోట్లు మంజూరయ్యాయన్న వార్త జిల్లా పేజీల్లో తరచూ కనబడుతుంది. మంత్రి ప్రకటన చేస్తారు, మేయరు కృతజ్ఞతలు చెబుతారు, కొన్నాళ్లకు శంకుస్థాపన ఫొటో వస్తుంది. ఆ కోట్లు నగరపాలక సంస్థ బడ్జెట్ పుస్తకంలో ఏ పద్దు కింద, ఏ షరతులతో, ఏ సంవత్సరానికి ఎంతెంత చొప్పున ఎక్కాయన్నది మాత్రం ఎవరూ అడగరు. కొత్త గ్రాంటు వచ్చినప్పుడు బడ్జెట్ సవరించడమంటే జమ వైపు ఒక అంకె వేసి, ఖర్చు వైపు అదే అంకె వేసి సరిపెట్టడమేనన్న అలవాటు మన పురపాలనలో స్థిరపడిపోయింది. ఈ అలవాటే నగరాలను గ్రాంటు తర్వాత గ్రాంటు కోసం చెయ్యి చాచే స్థితిలో ఉంచుతోందని నా అభిప్రాయం. గ్రాంటును ఏ తీర్మానంతో జమ కడతారో, అది నెత్తిన పెట్టే వాటాధనాన్ని, నిర్వహణ ఖర్చును, షరతులను కూడా అదే తీర్మానంలో లెక్కకట్టాలి. ఏ నగరమైనా చేయవలసిన పనే అయినా, అనంతపురం లాంటి కరువు నేల మీది ఊరికి దీన్ని వాయిదా వేసే వెసులుబాటు లేదు.

ఎందుకు లేదో చెప్పాలంటే ఆ నేల గురించి, ఆ నగరం సొంత రాబడి గురించి కొంచెం చెప్పుకోవాలి. పశ్చిమ కనుమల వర్షచ్ఛాయలో పడిన అనంతపురానికి నైరుతి సగం దారిలో ఆగిపోతుంది, ఈశాన్యం అందీ అందనట్టు వస్తుంది. సగటు వర్షపాతం ఏడాదికి 550 మిల్లీమీటర్ల దగ్గర ఉంటుంది. రాజస్థాన్‌లోని జైసల్మేర్ తర్వాత దేశంలో అతి తక్కువ వాన పడే జిల్లాగా పాఠ్యపుస్తకాలకెక్కిన పేరు దీనిది. 2005లో నగరపాలక సంస్థ హోదా పొందిన అనంతపురంలో 2011 జనాభా లెక్కల ప్రకారం 2,61,004 మంది ఉన్నారు, 50 డివిజన్లు ఉన్నాయి. మనిషికి రోజుకు 135 లీటర్లు ఇవ్వాలన్న జాతీయ ప్రమాణం పట్టుకుంటే ఆ పాత జనాభాకే రోజుకు 3.5 కోట్ల లీటర్ల నీళ్లు కావాలి. ఆ నీళ్లు ఊళ్లో ఊరేవి కావు. తుంగభద్ర ఎగువ కాలువ నుంచి పెన్న అహోబిలం బ్యాలెన్సింగ్ రిజర్వాయరుకు చేరి, అక్కడి నుంచి పంపుల మీద, పైపుల్లో రావాలి. కుళాయి విప్పిన ప్రతిసారీ కరెంటు మీటరు తిరిగినట్టే. మరోవైపు నగరపాలక సంస్థ సొంత రాబడి అంటే ఆస్తి పన్ను, నీటి పన్ను, దుకాణాల అద్దెలు, కట్టడాల అనుమతుల రుసుములు, మరికొన్ని చిల్లర పద్దులు. చుట్టుపక్కల వేరుశనగ ఎండిపోయిన ఏడాది ఊళ్లో బట్టల కొట్టు నుంచి ఇనుప సామాను దుకాణం దాకా బేరాలు తగ్గుతాయి, ఇల్లు కట్టేవాళ్లు ఆగిపోతారు, పన్ను బకాయిలు పేరుకుంటాయి. సరిగ్గా అదే ఏడాది నీళ్ల ట్యాంకర్ల ఖర్చు, పంపుల ఖర్చు పెరుగుతాయి. రాబడి తగ్గడం, ఖర్చు పెరగడం ఒకే కారణంతో ఒకేసారి జరిగే నగరం ఇది.

ఇలాంటి చోటికి బయటి నుంచి వచ్చే డబ్బు ఎంత అవసరమో వేరే చెప్పనక్కర్లేదు. 1993లో అమల్లోకి వచ్చిన 74వ రాజ్యాంగ సవరణ పట్టణ సంస్థలకు 18 అంశాలను అప్పగించదగినవిగా పన్నెండో షెడ్యూలులో చేర్చింది కానీ, వాటికి సరిపడా పన్ను అధికారాన్ని ఇవ్వలేదు. భారత రిజర్వు బ్యాంకు 2022 నవంబరులో తొలిసారి వెలువరించిన పురపాలక ఆర్థిక నివేదిక లెక్క ప్రకారం మన పురపాలక సంస్థల రాబడి స్థూల దేశీయోత్పత్తిలో 1 శాతం దగ్గరే ఆగిపోయింది. బ్రెజిల్‌లో అది 7 శాతం, దక్షిణాఫ్రికాలో 6 శాతం. ఆ ఖాళీని కేంద్ర ఆర్థిక సంఘాల గ్రాంట్లు, అమృత్, స్వచ్ఛభారత్ లాంటి పథకాలు కొంతవరకు పూడుస్తున్నాయి. కడప జిల్లాకు చెందిన వై.వి. రెడ్డి అధ్యక్షత వహించిన 14వ ఆర్థిక సంఘం 2015-20 కాలానికి మునిసిపాలిటీలకు 87,144 కోట్లు సిఫారసు చేసింది. ఎన్.కె. సింగ్ నేతృత్వంలోని 15వ ఆర్థిక సంఘం 2021-26 కాలానికి పట్టణ స్థానిక సంస్థలకు 1,21,055 కోట్లు సిఫారసు చేసింది. అందులో పది లక్షల లోపు జనాభా ఉన్న ఊళ్ల వాటా 82,859 కోట్లు. అనంతపురం ఈ వరుసలోకే వస్తుంది.

ఈ 15వ సంఘం గ్రాంటును విప్పి చూస్తే అది ఒకే రకం డబ్బు కాదని తెలుస్తుంది. ఆ 2021-26 గ్రాంటులో చిన్న నగరాలకు ఇచ్చే ప్రతి 100 రూపాయల్లో 30 తాగునీరు, వాన నీటి సంరక్షణ, నీటి పునర్వినియోగం కోసం. 30 పారిశుద్ధ్యం, చెత్త నిర్వహణ కోసం. మిగిలిన 40 మాత్రమే స్థానిక అవసరాన్ని బట్టి వాడుకోవచ్చు. ఆ 40 నుంచి కూడా జీతాలు, కార్యాలయ సిబ్బంది ఖర్చులు చెల్లించకూడదు. గ్రాంటు అందాలంటే ఎన్నికైన పాలకవర్గం ఉండాలి. అంతకు ముందటి సంవత్సరాల లెక్కలు ఆడిట్ చేయించి ఆన్‌లైన్‌లో అందరికీ కనబడేలా పెట్టాలి. ఆస్తి పన్నుకు కనీస రేట్లు ప్రకటించి, రాష్ట్ర ఉత్పత్తి పెరిగే వేగంతో సమానంగా వసూళ్లు పెంచుతూ పోవాలి. కేంద్రం నుంచి అందిన సొమ్మును రాష్ట్రం పది పనిదినాల్లో స్థానిక సంస్థకు చేర్చాలని, ఆలస్యమైతే వడ్డీతో చెల్లించాలని కూడా సంఘం షరతు పెట్టింది. అంటే గ్రాంటు మంజూరు ఉత్తర్వు చేతికొచ్చే సరికే నగరం కొన్ని పనులు చేస్తానని మాట ఇచ్చినట్టు. వసూళ్లు పెంచుతామన్న ఆ మాట బడ్జెట్ రాబడి అంచనాల్లో కనబడాలి. ఆస్తి పన్ను పద్దులో నిరుటి అంకెనే మళ్లీ అచ్చువేసి, పక్క పేజీలో గ్రాంటును పూర్తిగా జమ చేస్తే, ఒక పేజీ చెప్పిన మాటను ఇంకో పేజీ కాదంటున్నట్టే.

షరతుల బరువు ఎవరి మీద పడుతుందో ఆంధ్రప్రదేశ్ అనుభవం ఇప్పటికే చూపించింది. 2020లో కొవిడ్ వేళ రాష్ట్రాలకు అదనపు అప్పు తెచ్చుకునే వీలు ఇస్తూ కేంద్రం కొన్ని సంస్కరణలను ముడిపెట్టింది. పట్టణాల్లో ఆస్తి పన్ను, నీటి రుసుముల సంస్కరణ వాటిలో ఒకటి. దాన్ని పూర్తి చేసిన మొదటి రెండు రాష్ట్రాలు ఆంధ్రప్రదేశ్, మధ్యప్రదేశ్. ఆంధ్రప్రదేశ్‌కు 2,525 కోట్ల అదనపు అప్పుకు అనుమతి దక్కింది. దానికోసం చట్టాన్ని సవరించి, అద్దె విలువ మీద లెక్కించే ఇంటి పన్నును 2021 ఏప్రిల్ 1 నుంచి మూలధన విలువ మీదికి మార్చారు; పెంపు 15 శాతం దాటకూడదన్న పరిమితి పెట్టారు. ఆ మార్పు మంచిదా చెడ్డదా అన్నది వేరే చర్చ. అప్పు తెచ్చుకునే వీలు రాష్ట్ర ఖజానాకు దక్కింది, పన్ను నోటీసు ఇంటి యజమానికి అందింది, వసూలు చేయవలసిన పని నగరపాలక సంస్థ మీద పడింది. ఈ మూడింటినీ కలిపి చూపించే కాగితం ఒక్కటీ సామాన్యుడి కంటపడలేదు. నగర బడ్జెట్ ఆ కాగితం కావాలి.

పద్దుల శాస్త్రం ఈ విషయంలో మన అలవాటు కంటే ఎంతో ముందుంది. కేంద్ర పట్టణాభివృద్ధి శాఖ, కాగ్ కలిసి 2004లో తయారుచేసిన జాతీయ పురపాలక అకౌంట్ల మాన్యువల్ ఒక స్పష్టమైన నియమం పెట్టింది. నిర్దిష్టమైన పనికోసం వచ్చిన గ్రాంటు, ఆ పని మీద ఖర్చయ్యేదాకా, సంస్థకు ఆదాయం కాదు, తీర్చవలసిన బాధ్యత. పైపులైను వేయడానికి 10 కోట్లు వచ్చి బ్యాంకులో ఉన్నాయనుకోండి. పాసుపుస్తకంలో నగరం దగ్గర 10 కోట్లు ఉన్నట్టే. ఆస్తి అప్పుల పట్టికలో మాత్రం ఆ 10 కోట్లు ఒకవైపు బ్యాంకు నిల్వగా, రెండోవైపు బాకీగా కూర్చుంటాయి. పైపులైను పూర్తయిన రోజున ఆ బాకీ తీరి, మూలధన వాటాగా మారుతుంది. రోజువారీ ఖర్చుల కోసం ఇచ్చిన గ్రాంటయితే, ఆ ఖర్చు ఏ సంవత్సరంలో పడిందో ఆ సంవత్సరంలోనే ఆదాయంగా ఎక్కుతుంది. ఏ పనికీ కట్టుబడని సాధారణ గ్రాంటు ఒక్కటే చేతికందగానే ఆదాయం. ఈ తేడా అకౌంటెంట్లకు మాత్రమే అక్కరకొచ్చే చాదస్తం అనిపించవచ్చు. కానీ మార్చి నెలాఖరున ఏదో పథకం తొలి విడత ఖాతాలో పడి, ఆ అంకె చూపించి మిగులు బడ్జెట్ అని పాలకవర్గం ప్రకటించుకునే ప్రతిసారీ, తీర్చవలసిన బాకీని సంపాదనగా చూపిస్తున్నారని గుర్తించడానికి పౌరుడికి ఈ ఒక్క నియమం తెలిస్తే చాలు.

ఇప్పుడు అమృత్ పథకం దగ్గరకొద్దాం. 2015 జూన్ 25న మొదలైన తొలి అమృత్‌లో పది లక్షల లోపు జనాభా నగరాలకు ప్రాజెక్టు ఖర్చులో సగం కేంద్రం భరించింది. 2021 అక్టోబరు 1న మొదలైన రెండో అమృత్‌లో లక్ష నుంచి పది లక్షల జనాభా ఉన్న నగరాలకు ఆ వాటా మూడో వంతుకు తగ్గింది. రెండింటిలోనూ కేంద్రం డబ్బు 20, 40, 40 శాతం చొప్పున మూడు విడతల్లో ఇచ్చే ఏర్పాటు. 30 కోట్ల తాగునీటి ప్రాజెక్టు ఒకటి ఊహించుకుందాం. పాత లెక్కలో కేంద్రం 15 కోట్లు ఇచ్చేది, కొత్త లెక్కలో 10 కోట్లు ఇస్తుంది. అందులో తొలి విడత 2 కోట్లే. మిగతా 20 కోట్లు రాష్ట్రం, నగరం కలిసి తేవాలి. పత్రికలో వచ్చే అంకె 30 కోట్లు. మొదటి సంవత్సరం కేంద్రం నుంచి చేతికందేది 2 కోట్లు. బడ్జెట్‌లో 30 కోట్లు జమ చూపించి, 30 కోట్లకు పనులు అప్పగిస్తే, రెండో విడతకు ముందే కాంట్రాక్టరు బిల్లులు పేరుకుంటాయి. బిల్లు అందని కాంట్రాక్టరు పని ఆపేస్తాడు, తవ్విన రోడ్డు తవ్వినట్టే ఉంటుంది, పని ముందుకు సాగలేదు కాబట్టి వినియోగ ధ్రువపత్రం పంపలేరు, పంపలేదు కాబట్టి తర్వాతి విడత రాదు. మన పట్టణాల్లో సగంలో ఆగిన పైపులైన్ల వెనుక అవినీతి ఉండొచ్చు, అసమర్థత ఉండొచ్చు. చాలాసార్లు మాత్రం విడతల వారీ రాకను ఏకమొత్తంగా రాసుకున్న ఈ మొదటి తప్పే ఉంటుంది.

ప్రాజెక్టు పూర్తయ్యాక మొదలయ్యే ఖర్చు దీనికంటే పెద్దది, దీర్ఘకాలికం కూడా. 500 కిలోవాట్ల పంపుసెట్టు రోజుకు 16 గంటలు నడుస్తుందనుకుందాం. రోజుకు 8,000 యూనిట్లు. యూనిట్ 7 రూపాయలు అనుకుంటే రోజుకు 56,000 రూపాయలు, ఏడాదికి 2 కోట్ల 4 లక్షలు. ఇది కరెంటు ఒక్కదాని ఖర్చు. ఫిట్టర్లు, వాల్వులు తిప్పే సిబ్బంది, క్లోరిన్, పగిలే పైపులు, కాలే మోటార్లు దీనికి అదనం. పైన చెప్పుకున్న ఊహా ప్రాజెక్టులో కేంద్రం ఇచ్చిన మొత్తం 10 కోట్లు. నగరం తన జేబులోంచి కరెంటుకు కట్టేది ఐదేళ్లు తిరక్కుండానే దాన్ని దాటిపోతుంది. పంపుసెట్టు ఆయుష్షు అంతకంటే ఎక్కువ. రెండో అమృత్ మార్గదర్శకాలు నీటి రుసుములు నిర్వహణ ఖర్చుకు సరిపోయేలా ఉండాలని, బిల్లు రాని నీటిని 20 శాతం లోపుకు తేవాలని కోరడంలో ఉన్న తర్కం ఇదే. నిబంధన పెట్టినవాళ్లకు ఖర్చు తెలుసు. ఆ ఖర్చు మన బడ్జెట్ తీర్మానంలో రాసి ఉండదు, అంతే.

చెత్త సేకరణలో ఇది కళ్లెదుటే జరిగింది. 2021 అక్టోబరు 2న రాష్ట్రం క్లీన్ ఆంధ్రప్రదేశ్ కార్యక్రమాన్ని మొదలుపెట్టి పట్టణాలకు చెత్త ఆటోలు పంపింది. వాటి అద్దె చెల్లించడానికి ఇంటింటి నుంచి వినియోగ రుసుము వసూలు చేయాలన్నది ఏర్పాటు. జనం దానికి చెత్త పన్ను అని పేరు పెట్టారు. చాలాచోట్ల కట్టలేదు, కట్టమని ఒత్తిడి చేసిన చోట కోపగించారు. 2024 అక్టోబరు 2న మచిలీపట్నంలో ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు ఆ పన్నును రద్దు చేస్తున్నట్టు ప్రకటించారు. ఇంటి గడప దగ్గర చూస్తే అది ఊరటే. కానీ పన్ను రద్దయినంత మాత్రాన చెత్త తగ్గదు, ఆటోకు డీజిలు ఉచితం కాదు. ఆ ఖర్చు సాధారణ నిధి మీదికి జరుగుతుంది, అంటే వీధి దీపాల, కాలువ పూడికతీత డబ్బులోంచి పోతుంది. రుసుము పెట్టిన ప్రభుత్వాన్ని గానీ తీసేసిన ప్రభుత్వాన్ని గానీ తప్పుపట్టడం ఇక్కడ నా ఉద్దేశం కాదు. వాహనాలు వచ్చిన రోజునే, రుసుము రాకపోతే ఏ పద్దు తగ్గించి వీటిని నడపాలి అన్న ప్రశ్నకు ప్రతి పట్టణ బడ్జెట్‌లో ఒక జవాబు ఉండి ఉంటే, మూడేళ్ల తర్వాత ఆ భారం ఎవరికీ తెలియకుండా మారేది కాదు.

అనంతపురం పక్కనే ఉన్న బుక్కరాయసముద్రం చెరువు గురించి తెలిసినవాళ్లకు ఈ విషయం ఇంకో దారిలో సులువుగా అర్థమవుతుంది. విజయనగర కాలంలో తవ్విన ఆ చెరువుకూ, ఈ నేల మీది పాత చెరువులన్నిటికీ కట్టతో పాటే తూమూ, మరవా ఉంటాయి. ఈ మెట్టలో వాన వచ్చిందంటే రెండు మూడు రోజుల్లో వంకలు పొర్లి నీరంతా ఒక్కసారి వచ్చి పడుతుందని, తర్వాత నెలల తరబడి చుక్క ఉండదని కట్టినవాళ్లకు తెలుసు. అందుకే వచ్చే నీటిని ఎంత నిలపాలి, ఏ తూము ద్వారా ఎప్పుడు వదలాలి, మించినది ఎటు పోవాలి అన్నవి కట్ట వేసేటప్పుడే తేల్చేవారు. గ్రాంటు రాక కూడా ఇలాంటిదే. ఆర్థిక సంవత్సరం చివర్లో ఒక్కసారిగా పడుతుంది, తర్వాత ఎప్పుడొస్తుందో తెలియదు. దాన్ని వేరే ఖాతాలో నిలిపి, దాని పనికి మాత్రమే, దాని కాలక్రమం ప్రకారం వదిలే ఏర్పాటు లేకపోతే అది ఏ అవసరం ముందుకొస్తే దాని కింద కొట్టుకుపోతుంది. 2021లో పంచాయతీల ఖాతాల్లోని ఆర్థిక సంఘం నిధులను విద్యుత్ బకాయిలకు సర్దుబాటు చేశారంటూ రాష్ట్రమంతటా సర్పంచులు రోడ్డెక్కారు. బకాయి నిజమే కావచ్చు. కానీ తన పేరున వచ్చిన డబ్బు ఏ తీర్మానం లేకుండా, ఏ పద్దు మార్పూ లేకుండా ఖాళీ అయిందని గ్రామ పాలకవర్గం తర్వాత తెలుసుకోవలసి రావడం స్థానిక స్వపరిపాలనకు మంచిది కాదు. అదే ముప్పు పట్టణాలకూ ఉంది.

కరువు ఊరికి వరదలు కూడా ఉంటాయన్నది ఇక్కడ మరిచిపోకూడని విషయం. 2022 అక్టోబరులో నడిమివంక పొంగి అనంతపురం కాలనీలు నీట మునిగాయి. 2024 అక్టోబరులో పండమేరు వంక ఊరి శివార్ల ఇళ్లమీదికి వచ్చింది. వంకల ఒడ్డు కట్టడాలు, పూడిపోయిన కాలువలు, ఆక్రమణలు అన్నీ కలిసి తెచ్చిన విపత్తులవి. ఇలాంటప్పుడు నగరానికి కావలసింది ఏ షరతూ లేని, వెంటనే తీయగలిగే డబ్బు. 15వ ఆర్థిక సంఘం గ్రాంటులో తాగునీటికి, పారిశుద్ధ్యానికి కట్టేసిన 60 శాతంలో వరద కాలువల పని సూటిగా ఇమడదు. మిగిలిన 40 శాతమే ఆదుకోవాలి. చాలా పట్టణాల్లో ఆ 40 శాతమే ముందుగా, సంవత్సరం మొదట్లోనే, సిమెంటు రోడ్లకూ కల్వర్టులకూ డివిజన్ల వారీగా పంచబడి అయిపోతుంది. నా దృష్టిలో కొత్త గ్రాంటు వచ్చినప్పుడు బడ్జెట్‌లో చేయవలసిన మొదటి మార్పు దీనికి తలకిందులుగా ఉండాలి. తాగునీటికి, చెత్తకు ఇప్పటిదాకా సాధారణ నిధి నుంచి పెడుతున్న ఖర్చులో షరతులు అనుమతించే పనులను కట్టుబడిన గ్రాంటు కిందికి మార్చాలి. అలా ఊపిరి పోసుకున్న సాధారణ నిధిని, షరతుల్లేని 40 శాతంలో ఒక భాగాన్ని కరువుకూ వరదకూ కలిపి నిల్వగా ఉంచాలి. షరతులు లేని రూపాయి విలువ షరతులున్న రూపాయి కంటే ఎక్కువ. దాన్ని ఆఖరున ఖర్చుపెట్టాలి.

చట్టం దీనికి అడ్డు రాదు. అనంతపురం లాంటి నగరాలు 1994 నాటి మునిసిపల్ కార్పొరేషన్ల చట్టం ద్వారా 1955 హైదరాబాద్ కార్పొరేషన్ చట్టపు నిబంధనల కిందికి వస్తాయి. కమిషనరు అంచనాలు తయారుచేస్తారు, స్థాయీ సంఘం పరిశీలిస్తుంది, కౌన్సిల్ ఆమోదిస్తుంది. సంవత్సరం మధ్యలో పద్దు పెంచడానికి, కొత్త పద్దు చేర్చడానికి, ఒక పద్దు నుంచి ఇంకో పద్దుకు మార్చడానికి కౌన్సిల్‌కు అధికారం ఉంది. అధికారం ఉన్నా వాడుక వేరు. గ్రాంటు పని చాలాసార్లు సమావేశం రోజున సభ్యుల బల్ల మీదికి వచ్చే టేబుల్ అజెండాలో ఒక్క వాక్యంగా వస్తుంది. కార్పొరేటరు చదివే లోపు ఆమోదం అయిపోతుంది. పూర్తి చిత్రం మరుసటి ఏడు బడ్జెట్‌తో పాటు వచ్చే సవరించిన అంచనాల్లో కనబడుతుంది. అప్పటికి డబ్బు ఖర్చయి ఉంటుంది, అడగడానికి మిగిలేది ఏమీ ఉండదు. ఏడాది చివరి సవరణ సరిపోతుందనేవారికి నా జవాబు ఇదే. జరిగిపోయినదాన్ని నమోదు చేయడానికి అది పనికొస్తుంది. ఏం చేయాలో నిర్ణయించడానికి పనికిరాదు.

ఇంతకంటే బలమైన అభ్యంతరం ఇంకొకటి ఉంది. పేద నగరం ముందు డబ్బు తెచ్చుకోవాలి, లెక్కలు తర్వాత చూసుకోవాలి, వచ్చే పదేళ్ల కరెంటు బిల్లు లెక్కవేస్తూ కూర్చుంటే గ్రాంటు పక్క ఊరికి పోతుంది, కుళాయికి ఎదురుచూసే ఆడవాళ్లకు ఆ లెక్కల వల్ల ఒరిగేది ఏమీ లేదు అంటారు. ఈ మాటను తేలిగ్గా తీసెయ్యలేం. గడువు దాటితే నిధులు తిరిగిపోయే పథకాలున్నాయి. కానీ నేను గ్రాంటు వద్దనమనడం లేదు. తీసుకునేటప్పుడే ఖర్చు తెలిస్తే ప్రాజెక్టు ఆకారం మారుతుంది. కొత్త పంపుసెట్టు కంటే ముందు లీకులు పూడ్చే పని చేపడితే కరెంటు ఖర్చు పెరగదని తేలవచ్చు. రెండు దశల్లో చేస్తే వాటాధనం సర్దుబాటవుతుందని తేలవచ్చు. నిర్వహణకు ఇంత తక్కువ పడుతుందని అంకెలతో రాష్ట్రాన్ని అడగవచ్చు. అంకె లేకుండా వెళ్లే వినతిపత్రానికి వినతిపత్రం విలువే ఉంటుంది. ఇక ఆ ఆడవాళ్ల విషయం. పంపు ఆగిపోయిన కుళాయి దగ్గర నిలబడేదీ వాళ్లే.

నీటి పన్ను పెంచమంటున్నారా అన్నది దాని వెంటే వచ్చే ప్రశ్న. కరువు ఊళ్లో నీళ్ల మీద రుసుము పెంచడం న్యాయమా? పేదల ఇళ్ల విషయంలో న్యాయం కాదనే నేనంటాను. అయితే ఆ దయను బడ్జెట్‌లో రాసి చూపాలి. నిర్వహణకు ఇంత అవుతుంది, రుసుముల రూపంలో ఇంత వస్తుంది, తేడాను నగరం ఫలానా పద్దు నుంచి రాయితీగా భరిస్తుంది అని. అప్పుడు వ్యాపార సముదాయాలు, ప్రభుత్వ కార్యాలయాలు, పెద్ద విద్యాసంస్థలు తమ వంతు కడుతున్నాయా అన్న ప్రశ్న తనంతట తాను ముందుకొస్తుంది. జిల్లా కేంద్రం కాబట్టి అనంతపురంలో ప్రభుత్వ ఆస్తులు చాలా ఉంటాయి. రాజ్యాంగం 285వ అధికరణం కింద కేంద్ర ఆస్తులకు పన్ను మినహాయింపు ఉంది, రాష్ట్ర ప్రభుత్వ ఆస్తులకు ఆ అధికరణం వర్తించదు. రాయితీని దాచిపెడితే లాభపడేది పేదవాడు కాదు, బకాయిలు పేర్చుకున్న పెద్ద కనెక్షన్లవాడు.

కార్పొరేటర్ల ముందు వివరాలన్నీ పెడితే 50 డివిజన్లూ వాటాలకు దిగి పని చెడిపోతుందన్న భయం కొందరు అధికారుల్లో ఉంది. ఆ భయానికి ఆధారం లేకపోలేదు. ప్రధాన పైపులైను డబ్బును 50 ముక్కలు చేసి పంచలేం. కానీ వాటాల పంచాయతీ పెరిగేది షరతులు తెలియనప్పుడే. ఈ 60 రూపాయలు ఫలానా పనికి తప్ప వాడితే తర్వాతి విడత రాదు, పంచుకోగలిగింది 40 మాత్రమే అని మొదటి పేజీలో రాసి ఉంటే బేరం ఆ 40 దగ్గరే ఆగుతుంది. ఎన్నికైనవాళ్లను చీకట్లో ఉంచి కాపాడిన క్రమశిక్షణ ఎన్నాళ్లో నిలవదు కూడా. 2019 జూలైలో పాలకవర్గాల గడువు ముగిసి 2021 మార్చి ఎన్నికల దాకా మన పట్టణాలు ప్రత్యేకాధికారుల చేతుల్లో ఉన్నాయి. కౌన్సిళ్లు లేని ఆ కాలంలో కూడా పన్ను బకాయిలు, ఆగిన పనులు మాయమైపోలేదు.

గ్రాంటు వెంట వచ్చే ఖర్చు సమస్య మనదొక్కటే కాదని అమెరికా అనుభవం చెబుతుంది. 2021లో అక్కడి ప్రభుత్వం కొవిడ్ నుంచి కోలుకోవడానికి రాష్ట్రాలకు, నగరాలకు, కౌంటీలకు 350 బిలియన్ డాలర్లు ఇచ్చింది. 2024 చివరికల్లా ఒప్పందాలు చేసుకోవాలని, 2026 చివరికల్లా ఖర్చు పూర్తి చేయాలని గడువులు పెట్టింది. ఒక్కసారే వచ్చే డబ్బుతో శాశ్వత ఉద్యోగాలు, శాశ్వత కార్యక్రమాలు మొదలుపెట్టిన నగరాలు గడువు దగ్గరపడ్డాక కొత్త లోటు ఎదుర్కోవలసి వస్తుందని అక్కడి ఆర్థిక నిపుణులు మొదటి నుంచీ హెచ్చరిస్తూ వచ్చారు. మనకంటే ఎన్నో రెట్లు పన్ను రాబడి ఉన్న నగరాలకే ఆ చిక్కు వచ్చింది.

అనంతపురానికి ఈ లెక్క ఇప్పుడే అవసరం. 2021 మార్చిలో ఎన్నికైన పాలకవర్గానికి రాజ్యాంగం ఇచ్చిన ఐదేళ్ల గడువు 2026 మార్చి దాకానే. 15వ ఆర్థిక సంఘం కాలానికి కూడా ఆ నెలే ఆఖరు. అరవింద్ పనగడియా అధ్యక్షతలోని 16వ సంఘం కాలానికి 2026 ఏప్రిల్ 1 మొదలు. పాత గ్రాంట్ల మిగులు, సగంలో ఉన్న పనుల బిల్లులు, కొత్త గ్రాంటు షరతులు మూడూ ఒకే ఆర్థిక సంవత్సరపు పుస్తకంలో కలుస్తాయి. ఆ పుస్తకంలో ప్రతి గ్రాంటుకూ ఒక పేజీ చాలు: మంజూరైనది ఎంత, ఈ ఏడాది నిజంగా వచ్చేది ఎంత, నగరం కలపవలసిన వాటా ఎంత, అది ఏ పద్దు నుంచి, పని పూర్తయ్యాక ఏడాదికి అయ్యే కరెంటు, జీతం, మరమ్మతు ఎంత, షరతు తప్పితే ఆగిపోయేది ఎంత. ఈ అంకెలన్నీ ఇంజినీరింగు విభాగం దగ్గర, అకౌంట్స్ విభాగం దగ్గర విడివిడిగా ఇప్పటికే ఉన్నాయి. వాటిని ఒక్క కాగితం మీదికి తెచ్చి, సర్వసభ్య సమావేశానికి వారం ముందు సభ్యులకు అందించి, అదే రోజు కార్యాలయం నోటీసు బోర్డు మీద, వెబ్‌సైట్‌లో పెట్టాలి. అందుకు ఏ కొత్త చట్టమూ, ఏ కొత్త గ్రాంటూ అక్కర్లేదు.